ఆడపిల్లల ఆటకు గురుపీఠము

బళ్ళారి పేరు చెప్పగనే తెలుగు నాటకాభిమానులకు రాఘవగారు జ్ఞప్తికి వత్తురు. న్యాయవాదిగా పేరుగాంచిన బళ్ళారి రాఘవ (1880–1946) రంగస్థలముపై స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టిరి. చదువుకొన్న సంసారస్త్రీ నాటకమాడుట యన్నచో లోకము ముక్కున వ్రేలు వేసికొనెడి కాలమది. అయినను వారు వెనుదీయక కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని ప్రోత్సహించి తమతోపాటు రంగమెక్కించిరి. స్త్రీకి ప్రతిభ కొఱవడలేదనియు, ఆ ప్రతిభ నిలుచుటకు చోటును, దానిని తీర్చుటకు గురువును కొఱవడినవనియు వారి చరిత్ర మనకు నేర్పుచున్నది.

ఆ రాఘవగారి జిల్లాలోనిదే మా కూరెకుప్ప. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి జిల్లా చీలినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోగా, తక్కిన భాగము మైసూరున చేరినది. ఆనాటినుండి సరిహద్దునకు ఈవలనున్న తెలుగు కుటుంబములు ఇంట తెలుగును, వీధిలో కన్నడమును మాటలాడుచు రెండు భాషలను రెండు కన్నులుగా చూచుకొనుచున్నవి. సండూరు కొండల ఎఱ్ఱమట్టియు, తోరణగల్లు ఉక్కు కర్మాగారమును మా జీవనమునకు ఆధారములు. ఆ కర్మాగారమునకు చేరిన విజయనగర్ నివాసస్థలమున 2018లో ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ అను క్రీడా శిక్షణాలయము వెలసినది. కుస్తీ, బాక్సింగు, జూడో, పరుగుపందెములు మొదలగు వానిలో బాలురతోపాటు బాలికలును అచట శిక్షణ పొందుచున్నారు.

ఇంత చేరువలో ఇట్టి ఏర్పాటు ఉండగా, మన ఇండ్లలోని ఆడపిల్లల మాట యేమి? పాఠశాలలో పరుగెత్తి బహుమానములు తెచ్చిన పిల్ల పదవ తరగతి దాటగనే ఆట మానివేయును. బహుమానపు గిన్నె అలమరలో మిగులును. పిల్లను మాన్పించినవారు ఎవరును లేరు. ఆమె తనంతట తానే మానినదని మనము చెప్పుకొందుము. ఇది నిజమా? ఈ ప్రశ్నతోనే మేము ఒక దూరదేశపు ఆట చరిత్రను పరిశీలింపబూనితిమి. అది అమెరికాలోని మహిళా కళాశాల గోల్ఫు జట్ల చరిత్ర.

గోల్ఫు మనకు అలవాటైన ఆట కాదు. కలకత్తాలో 1829లోను, బెంగుళూరులో 1876లోను గోల్ఫు క్లబ్బులు వెలసినను, అవి చిరకాలము దొరల వినోదస్థలములుగనే యుండినవి. ఆటతీరు మాత్రము సులభముగనే బోధపడును. చిన్న బంతిని కర్రతో కొట్టుచు, విశాలమైన పచ్చికబయలులో వరుసగా 18 గుంటలలో పడవేయవలెను. తక్కువ దెబ్బలతో ముగించినవారిదే గెలుపు. ఒకరి బంతిని మఱియొకరు తాకరు, అడ్డగింపరు. తప్పు జరిగినచో నింద మోయుటకు తాను తప్ప వేఱొకరు లేరు. ఇంతటి ఒంటరి ఆటలో జట్టేమి, జట్టునకు గురువేమి యని చదువరులకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహములోనే విశేషమంతయు ఉన్నది.

కళాశాల పోటీలలో ఒక్కొక్క జట్టునుండి ఐదుగురు ఆడుదురు. ప్రతిదినమును ఐదుగురి లెక్కలలో మంచివైన నాలుగింటిని మాత్రమే కూడుదురు, ఐదవది విడిచిపెట్టుదురు. ఎవరి లెక్క విడువబడునో ఆట ముగియువఱకు ఎవరికిని తెలియదు. కావున వెనుకబడిన పిల్లయు తన చివరి దెబ్బవఱకు శ్రద్ధ సడలింపరాదు. ఆమె దక్కించుకొన్న ఒక్క దెబ్బయే జట్టును నిలుపవచ్చును.

ఈ పోటీలు స్త్రీలకు సులభముగా లభింపలేదు. 1941లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున గ్లాడిస్ పామర్ అను వ్యాయామ విద్యాధికారిణి కళాశాల స్త్రీలకై తొలి జాతీయ గోల్ఫు పోటీని ఏర్పరచెను. దానిని ఆక్షేపించినవారిలో తోటి మహిళా వ్యాయామోపాధ్యాయినులును ఉండిరి. గెలుపు కొఱకు పోటీపడుట స్త్రీ స్వభావమునకు తగదనియు, ఆరోగ్యమునకు హానియనియు వారు తలచిరి. మేలుకోరువారే అడ్డుపడుట ఒక్క మన దేశపు విషయమే కాదని ఇందువలన తెలియుచున్నది.

పిమ్మట 1972 జూన్ 23న అమెరికా ప్రభుత్వము ఒక చట్టము చేసెను. ప్రభుత్వధనము పొందు విద్యాలయములు స్త్రీపురుష భేదము పాటింపరాదని దాని తాత్పర్యము. 'తొమ్మిదవ శీర్షిక'గా ప్రసిద్ధిపొందిన ఆ వాక్యమున ఆటల ప్రసక్తియే లేదు. అయినను ఆటస్థలముల తలుపులు తెఱచినది అదియే. అంతకుముందు దేశమంతట కళాశాల జట్లలో ఆడు స్త్రీలు సుమారు 30,000 మంది యుండిరి. నేడు వారి సంఖ్య 2 లక్షలు దాటినది. స్త్రీలకు ఆటలయందు ఆసక్తి లేదనెడి వాదమునకు ఇంతకంటె ప్రత్యుత్తరము కావలయునా?

ఆ మార్పునకు నాన్సీ లోపెజ్ కథ చక్కని నిదర్శనము. మెక్సికోమూలపు కుటుంబమునకు చెందిన ఈ బాలిక న్యూ మెక్సికో రాష్ట్రములోని రాస్‌వెల్ పట్టణమున పెరిగెను. తండ్రి డొమింగో మోటారుబండ్లు బాగుచేయు దుకాణము నడపుచుండెను. బిడ్డకు ఆట నేర్పినది ఆయనయే. ఉన్నత పాఠశాలలో బాలికల జట్టు లేనందున ఆమె బాలుర జట్టులో ఆడెను. 1974లో టల్సా విశ్వవిద్యాలయమున డేల్ మెక్‌నమారా అను ఆమె మహిళా గోల్ఫు జట్టును స్థాపింపగా, లోపెజ్ అచట విద్యార్థివేతనముతో చేరెను. 1978లో, వృత్తి క్రీడాకారిణిగా తొలి పూర్తి సంవత్సరముననే, తొమ్మిది పోటీలు గెలిచెను. అందు ఐదు వరుస విజయములు. అంతటి శిష్యురాలు వెడలిపోయినను టల్సా జట్టు చెదరలేదు. కళాశాలల జాతీయ క్రీడాసంఘము 1982లో తొలిసారి మహిళలకు గోల్ఫు ఛాంపియన్‌షిప్ నడపినప్పుడు గెలిచినది ఆ జట్టే. తండ్రి ఒక కుమార్తెను తీర్చెను. కళాశాల గురువు ఒక పరంపరనే తీర్చెను.

ఆ పరంపర ఇతరత్రను సాగినది. అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమున లిండా వోల్‌స్టెట్ శిక్షణలో జట్టు 1990 మొదలు 1998 వఱకు ఆరు పర్యాయములు జాతీయ విజేత యయ్యెను. డ్యూక్ విశ్వవిద్యాలయమున 1984లో శిక్షకుడుగా చేరిన డాన్ బ్రూక్స్ జట్టునకు 1999లో తొలి విజయమును, 2019లో ఏడవ విజయమును లభించినవి. మొదటి విజయమునకు పదునైదేండ్లు వేచియుండవలసి వచ్చినదను సంగతి గమనింపదగినది. ఆ పదునైదేండ్లు ఓపికపట్టిన విద్యాలయమునకును ఆ కీర్తిలో పాలున్నది. పిల్లలు నాలుగేండ్లకు పట్టము పుచ్చుకొని వెడలిపోవుదురు, నిలుచునది గురువు.

2015లో పోటీ నియమములు మాఱినవి. నాలుగు ఆవృత్తముల పిదప మిగిలిన ఎనిమిది జట్లు ముఖాముఖి తలపడును. ఒక జట్టులోని ఐదుగురు ఎదుటి జట్టు ఐదుగురితో ఒక్కొక్కరుగా ఆడుదురు. మూడు ఆటలు గెలిచిన జట్టు విజేత. ఇచట విడిచిపెట్టు లెక్క లేదు. ఆ మొదటి యేటనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము బేలర్ జట్టును 3–2తో గెలిచెను. నిర్ణాయకమైన చివరి ఆటలో మరియా స్టాక్‌హౌస్, రెండు గుంటలు మాత్రమే మిగిలియుండగా రెండింటి తేడాతో వెనుకబడియుండి, ఆ రెండును గెలిచి సమానమై, అదనపు గుంటలో జయము చేకొనెను.

ఆ జట్టు శిక్షకురాలు ఆన్ వాకర్. స్కాట్లండున పుట్టి, కాలిఫోర్నియాలో చదివి, కళాశాల జట్టులో తానును ఆడిన ఆమె 2012లో స్టాన్‌ఫర్డ్‌నకు వచ్చెను. 2022లో ఆరిగన్ జట్టుపైనను, 2024లో లాస్ ఏంజిల్స్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముపైనను ఆమె జట్టు మఱల విజేత యయ్యెను. ఈ మూడు విజయములును 3–2తో వచ్చినవే. అనగా ప్రతి విజయదినమునను ఆ జట్టులో ఇద్దఱు ఓడిపోయిరి! 2025 తుదిపోటీలో నార్త్‌వెస్టర్న్ చేతిలో ఓడినదియు ఆ తేడాతోనే. ఓడిన ఇద్దఱును మఱునాడు తలయెత్తుకొని సాధనకు వచ్చునట్లు చేయుటయే గురువు పని. గెలిచినవారిని మెచ్చుకొనుటకు గురువే అక్కఱలేదు. ఆ పని ఊరంతయు చేయును.

2024లో గెలిచిన ఆ జట్టున మేఘా గన్నె అను బాలిక ఉండెను. భారతదేశమునుండి వలసవెళ్ళిన తల్లిదండ్రుల బిడ్డ. న్యూ జెర్సీలో పెరిగినది. ఆ ఇంటిపేరు వినగనే మన చెవి నిక్కుట సహజము. 2021లో, పదునేడేండ్ల ప్రాయమున, అమెరికా మహిళల ఓపెన్ పోటీ చివరి దినమున అగ్రగాముల గుంపులో ఆడి, వృత్తి క్రీడాకారిణులు కానివారిలో ప్రథమురాలుగా నిలిచెను. 2025 మే నెలలో స్టాన్‌ఫర్డ్ జట్టు తుదిపోటీలో ఓడినది. ఆ ఆగస్టులోనే ఆమె అమెరికా మహిళల అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ గెలుచుకొనెను.

ఇంతకును ఆ గురువు చేయు పని యెట్టిది? బంతిని తాను కొట్టలేడు. ఆడుచున్న ఐదుగురు పచ్చికబయలున ఐదు చోట్ల చెదరియుందురు. అందఱివద్దను ఒకేసారి ఉండలేడు. ఆట నడుమ సలహా చెప్పుటకు కళాశాల పోటీలలో అనుమతి కలదు. కాని ఎవరికి చెప్పవలెను, ఎవరివద్ద మౌనముగా నడువవలెను అనునది తెలిసియుండవలెను. జట్టులో ఎనమండుగురో తొమ్మండుగురో యున్నచో ఐదుగురిని ఏఱి, తక్కినవారి మనస్సు విఱుగకుండ కాపాడవలెను. అందులకై చాలచోట్ల తమలో తమకే పోటీలు పెట్టి, లెక్కనుబట్టి ఎన్నిక చేయుదురు. చదువు చెడకుండుటకు వారమునకు 20 గంటలకు మించి శిక్షణ యుండరాదని నియమము. చదువును ఆటయు ఒకదానికొకటి శత్రువులని తలచు మన పెద్దలు ఈ నియమమును గమనింతురుగాక.

మన దేశమున ఈ భారమంతయు చిరకాలముగా ఇల్లే మోయుచున్నది. బెంగుళూరు బాలిక అదితి అశోక్ ఐదేండ్ల వయసున గోల్ఫు మొదలుపెట్టినప్పుడు తల్లిదండ్రులును ఆమెతోపాటు కర్ర పట్టిరి. 2016 రియో ఒలింపిక్సులో తండ్రి అశోక్ గుడ్లమాని ఆమె సంచి మోసెను. 2021లో జరిగిన టోక్యో పోటీలలో తల్లి మహేశ్వరి మోసెను. ఆ యేట అదితి నాలుగవ స్థానమున నిలిచి, పతకమునకు ఒక్క దెబ్బ దూరములో ఆగినది. ఆ తల్లిదండ్రులకు మా నమస్కారము. కాని అట్టి తీరికయు స్తోమతయు ఎన్ని ఇండ్లకు కలవు?

ఇల్లు మోయలేనిచోట గురువు మోసిన ఉదాహరణము తెలుగునాటనే కలదు. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి, ఆమె అక్కచెల్లెండ్రు, ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్నగారివద్ద బరువులెత్తుట నేర్చిరి. 2000లో సిడ్నీ ఒలింపిక్సున మల్లీశ్వరి కంచుపతకము పొంది, ఒలింపిక్ పతకము గెలిచిన ప్రథమ భారతీయ మహిళ యయ్యెను. ఆ పల్లెలో ధనము లేదు; గురువు ఉండెను.

మేము కూరెకుప్పలో గోల్ఫు మైదానము కావలెనని కోరుటలేదు. ఎఱ్ఱదుమ్ములో పచ్చిక పెంచుమనియు చెప్పుటలేదు. మా మనవి చిన్నది. పిల్లను కళాశాలలో చేర్పించునపుడు ఫీజెంత, వసతిగృహమెట్లున్నది యని విచారింతుము గదా. వానితోపాటు అచట ఆడపిల్లలకు జట్టున్నదా, దానికి నిలుకడగా నేర్పు గురువున్నాడా యనియు అడుగుదము. పదిమంది తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నకు విద్యాలయము నేడు కాకున్న రేపైనను జవాబు చెప్పకతప్పదు. ఆట మానివేసిన పిల్ల తనంతట తాను మానినదని ఇకమీదట అనకుందము. ఆమెకు ఐదుగురిలో ఒకతెగా నిలుచు చోటు మనము చూపలేదు.

రంగస్థలమున స్త్రీకి చోటుండవలెనని మన జిల్లావాడే ఒకప్పుడు వాదించి నెగ్గెను. ఆటస్థలమున ఆ మాట అనవలసిన వంతు మనది.