దుమ్ముగూడెం పాదిరీ కాగితాలు

చండ్రుగొండ నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లాలంటే గోదావరి దాటాలి. ఇప్పుడది వంతెన మీద రెండు నిమిషాల ప్రయాణం. 1860 తర్వాత మాత్రం ఆ నది ఒక సరిహద్దు. ఈ ఒడ్డు నిజాముది, ఆ ఒడ్డు ఇంగ్లీషు వాళ్లది. అవతలి ఒడ్డున, భద్రాచలానికి ఎగువన, దుమ్ముగూడెంలో జాన్ కెయిన్ అనే పాదిరీ ఉండేవాడు. పేరున్న మిషనరీల జాబితాలో ఆయన కనిపించడు. కానీ కోయల గురించి ఏ పాత పుస్తకం తిరగేసినా ఆయన మాటలు తగులుతూనే ఉంటాయి.

దుమ్ముగూడేనికి మిషన్ రావడానికి కారణం దేవుడి కంటే ముందు నీళ్లు. గోదావరిలో పడవలు వార్ధా దాకా పోవాలన్నది ఆర్థర్ కాటన్ కల. ఆ పనుల మీద వచ్చిన ఇంజనీరు కెప్టెన్ హేగ్ భక్తిపరుడు. కోయలకు సువార్త చెప్పాలన్న తపన ఆయనదే. అయితే ఆ పని మొదట తలకెత్తుకున్నది తెల్లవాడు కాదు. ఇందుకూరి వెంకటరామరాజు అనే తెలుగు ఉద్యోగి క్రైస్తవుడై, చర్చి మిషనరీ సొసైటీ తరఫున కోయల మధ్య పనిచేసి, తర్వాత పాస్టరయ్యాడు. పడవల పథకం 1870ల మొదట్లోనే ఆగిపోయింది. ఆనకట్ట మిగిలింది, మిషన్ కూడా మిగిలింది.

కెయిన్ వచ్చింది ఆ మిషన్‌కే. సొసైటీ నియమం ప్రకారం మిషనరీలు ఏటా లండన్‌కు ఉత్తరం రాయాలి. ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు, బడిలో పిల్లలెందరు వంటివన్నీ లెక్క చెప్పాలి. ఆ సొసైటీ దస్తావేజులు ఇవాళ బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

అయితే ఈ లెక్కల్లో ఇమడని సంగతులు చాలా ఉన్నాయి. వాటిని ఆయన వేరే చోటికి పంపాడు. బొంబాయి నుంచి వెలువడే 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో 1876 నుంచి భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద వ్యాసాలు రాశాడు. 1881లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోయల మీద ఇంకోటి వచ్చింది. పెళ్లిళ్లు, పండగలు, చావులు అన్నీ రాశాడు. చితి మీద పెట్టాక చనిపోయిన మనిషి చేతిలో ఆవు తోకో ఎద్దు తోకో పెట్టే ఆచారం లాంటి చిన్న వివరాన్ని కూడా వదల్లేదు. 1889లో లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. 1909లో థర్‌స్టన్ 'దక్షిణ భారత కులాలు, తెగలు' వెలువరించినప్పుడు, కోయల అధ్యాయంలో చాలా భాగం కెయిన్ రాతల మీదే నిలబడింది.

ఇక్కడే చిక్కుంది. ఆ రాతల్లో మామిలి అనే దేవత నరబలి కోరుతుందని కూడా ఉంది. అడవి దేవతలను దయ్యాలుగా చూడటం ఆయన వృత్తిలో భాగం. చూసింది రాయడం, విన్నది నమ్మడం, ముందే తీర్పు చెప్పడం, ఈ మూడూ ఒకే పేరాలో పక్కపక్కనే ఉంటాయి. థర్‌స్టన్ పుస్తకంలోకి ఎక్కాక అవన్నీ ఒకే బరువున్న 'సమాచారం' అయిపోయాయి. ఆ సంగతులు చెప్పిన కోయల పేర్లు ఏ పేజీలోనూ నిలబడలేదు.

ఇంకో సంగతి. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మార్చారు. అంతకుముందు గొడ్డలికి నాలుగణాలు కడితే పోడు కొట్టుకోవచ్చు. మద్రాసు ప్రభుత్వం పన్ను పెంచింది, అడవిలో ఆంక్షలు పెట్టింది. 1879లో రంప తిరుగుబాటు రేకపల్లి దాకా పాకడానికి ఇదో కారణం. అదే ఏడు కెయిన్ వ్యాసాల రెండో విడత అచ్చయింది. ఆచారాల మీద ఆసక్తి చూపిన పాఠకలోకం ఆ కోయల గొడ్డలి పన్ను గురించి ఎంత ఆలోచించి ఉంటుంది?

అలాగని ఈ కాగితాలను అవతల పారేద్దామా? పారేస్తే నష్టం మనకే. నూట యాభై ఏళ్ల కిందటి ఈ అడవి గురించి అక్షరాల్లో ఉన్నది చాలా తక్కువ. పైగా రేకపల్లి ఉన్న వర రామచంద్రాపురం మండలం 2014లో పోలవరం ముంపు పేరుతో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. దుమ్ముగూడెం తెలంగాణలో ఉండిపోయింది. కెయిన్ కలిపి రాసిన రెండు తాలూకాలూ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. ఊళ్లకు ఊళ్లు నీళ్లలో కలిసే చోట, పాత కాగితంలో ఉన్న ఒక పండగ పేరు కూడా సాక్ష్యమే అవుతుంది.

కాబట్టి చేయాల్సింది ఒకటుంది. ఆ రాతలు తెలుగులోకి రావాలి, కోయ భాషలోకీ రావాలి. పాదిరీ ఎక్కడ చూశాడో, ఎక్కడ ఊహించాడో, ఎక్కడ తీర్పిచ్చాడో విడదీసి చెప్పగలిగింది కోయలే. ఇన్నేళ్లూ ఆ కాగితాల్లో వాళ్లు విషయంగానే ఉన్నారు. ఇకనైనా పాఠకులు కావాలి, అవసరమైన చోట తప్పు దిద్దేవాళ్లూ కావాలి.