ఒకే యుద్ధం - రెండు చరిత్రలు

ప్రాచీన కాలపు యుద్ధాలలో పెక్కింటికి విజేత చెప్పిన వృత్తాంతం ఒక్కటే మనకు మిగిలినది. ఓడినవాడు ఏమనుకొన్నాడో తెలుసుకొనే వీలు లేదు. ఇరుపక్షాలవారూ తమ తమ భాషలలో వ్రాసిపెట్టిన కథనాలు లభించడం బహు అరుదు. అట్టి అరుదైన సందర్భాలలో ఒకటి క్రీ.పూ. 701లో అస్సీరియా చక్రవర్తి సన్హెరీబు యూదా రాజ్యంపై సాగించిన దండయాత్ర.

క్రీ.పూ. 705లో చక్రవర్తి రెండవ సర్గోను రణరంగంలో మరణించగా, అతని కుమారుడు సన్హెరీబు సింహాసనమెక్కి నీనెవె నగరాన్ని రాజధానిగా చేసుకొన్నాడు. అదే అదనుగా సామంతులు పలువురు తిరుగుబాటు చేశారు. యూదా రాజు హిజ్కియా వారిలో ఒకడు. వారిని అణచడానికే సన్హెరీబు పశ్చిమ దిశగా కదలివచ్చాడు.

ఈ విజయయాత్రను అతడు మట్టి ఫలకాలపై అక్కాడియను భాషలో వ్రాయించాడు. వాటిలో ఒకటి, ఆరు ముఖాలు గల మట్టి స్తంభిక, 1830లో నీనెవె శిథిలాలలో దొరికి, నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. క్రీ.పూ. 691 నాటి ఆ వ్రాతలో 46 ప్రాకార పట్టణాలను పట్టుకొన్నట్లు, 2,00,150 మంది ప్రజలను వెడలగొట్టినట్లు, హిజ్కియాను యెరూషలేములో పంజరంలోని పక్షివలె బంధించినట్లు చక్రవర్తి చెప్పుకొన్నాడు. హిజ్కియా నీనెవెకు పంపిన కప్పంలో 30 తలాంతుల బంగారం, 800 తలాంతుల వెండి ఉన్నవట. తలాంతు అనగా ఆనాటి ఒక పెద్ద తూకము.

హీబ్రూ కథనం బైబిలులోని రాజులు రెండవ గ్రంథంలోను, యెషయా గ్రంథంలోను ఉన్నది. పట్టణాలు పోయిన సంగతిని అది దాచలేదు. హిజ్కియా తప్పు ఒప్పుకొని కప్పం చెల్లించిన సంగతినీ, అందుకై దేవాలయపు తలుపుల బంగారాన్ని సైతం ఒలిపించిన సంగతినీ చెప్పినది. అయితే ముగింపు వేరు. దేవదూత ఒక్క రాత్రిలో 1,85,000 మంది సైనికులను సంహరించగా, సన్హెరీబు నీనెవెకు మరలిపోయాడని ఆ గ్రంథం చెప్పుచున్నది.

రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు కొన్ని సంగతులు స్పష్టమవుతవి. బంగారం లెక్క రెండింటా 30 తలాంతులే. వెండి మాత్రం హీబ్రూ మూలంలో 300. పట్టణాలు పడిపోయినవని, హిజ్కియా లొంగి ధనమిచ్చాడని ఇద్దరూ ఒప్పుకొన్నారు. అన్నిటికంటె ముఖ్యమైనది, యెరూషలేమును పట్టుకొన్నానని సన్హెరీబు ఎక్కడా చెప్పలేదు. విజయాలను పెంచి చెప్పే రాజు మౌనం వహించిన చోట ఎదుటిపక్షపు మాటకు బలం చేకూరుతుంది. నగరం పడలేదు, హిజ్కియా రాజుగానే మిగిలాడు. ఏల పడలేదన్న ప్రశ్నకు మాత్రం హీబ్రూ రచయిత దైవాన్ని చూపగా, అస్సీరియా రచయిత ప్రశ్ననే తప్పించుకొన్నాడు.

హీబ్రూ కథనం సన్హెరీబు తన కుమారుల చేతిలో హతుడైన ఘట్టాన్ని వెంటనే చెప్పి, దానిని ఈ యుద్ధానికి ఫలశ్రుతిగా చూపినది. ఆ హత్య నిజమే. కుమారుని చేతిలో చనిపోయినట్లు బాబిలోనియా వృత్తాంతమూ చెప్పుచున్నది. కాని అది జరిగినది క్రీ.పూ. 681లో, అనగా 20 ఏండ్ల తరువాత. అబద్ధం చెప్పకుండానే, నడుమ కాలాన్ని తొలగించి అర్థాన్ని మార్చవచ్చునని దీనివలన తెలియుచున్నది.

తెలుగు మాధ్యమంలో చదువుకొన్న మనలను ఆకర్షించే ఘట్టమొకటి హీబ్రూ కథనంలో ఉన్నది. అస్సీరియా రాయబారి కోట గోడ వద్ద నిలిచి మాటలాడగా, ఆనాటి రాజ్యవ్యవహారాల భాషయైన అరామిక్‌లో మాటలాడుమని హిజ్కియా అధికారులు వేడుకొన్నారు. అతడు వినలేదు. గోడమీది సామాన్యులకు అర్థం కావలెనని వారి మాతృభాషలోనే బిగ్గరగా బెదిరించాడు. మనసును తాకే భాష ఏదో శత్రువుకు కూడ తెలుసు.

మరి ఆ సామాన్యులు ఏమైనారు? 2,00,150 అన్న అంకె పెంచి చెప్పినదని పండితులు పలువురు భావిస్తున్నారు. తగ్గించి లెక్కించినా అది కుటుంబాల కన్నీటి లెక్కయే. యూదాలో ప్రముఖ నగరమైన లాకీషు పతనాన్ని మట్టి స్తంభిక పేరెత్తి చెప్పలేదు. రాజుల గ్రంథమూ వర్ణించలేదు. అది మిగిలినది సన్హెరీబు అంతఃపురపు గోడలమీది రాతి శిల్పాలలో. 19వ శతాబ్ది మధ్యభాగంలో లేయర్డ్ వెలికితీసిన ఆ శిల్పాలలో ముట్టడి యంత్రాలు, వాటిపై దివిటీలు విసరే నగర రక్షకులు, ఎడ్లబండ్లపై మూటాముల్లెతో తరలిపోయే స్త్రీలు, పిల్లలు కనిపిస్తారు. లాకీషు త్రవ్వకాలలో ముట్టడి దిబ్బ, బాణపు ములుకులు బయటపడి ఆ చిత్రాన్ని ధ్రువపరచినవి.

ఇరుపక్షాల రచయితలకూ రాజులే ముఖ్యులైనారు. బండిపై కూర్చున్న ఆ తల్లిని గుర్తుంచినది, ఆమెను వెళ్ళగొట్టినవాని శిల్పి ఉలి. విజేత మాట విన్నాక ఓడినవాని మాట వినడం, ఇద్దరి మాటా విన్నాక ఇద్దరూ చెప్పని వారిని వెదకడం - చరిత్ర పాఠం నేర్చుకొన్న విద్యార్థికి ఉండవలసిన అలవాటు ఇదే.