గగన్ విహార్: హైటెక్ సిటీ కంటే ముందు హైదరాబాద్ ఆఫీసులు ఆకాశం ఎక్కిన చోటు

హైదరాబాద్‌లో ఎత్తైన ఆఫీస్ బిల్డింగ్ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. అంతే కదా? ఈ రోజు మనం అటు పోవట్లేదు. నాంపల్లి నుంచి మొజంజాహీ మార్కెట్ వైపు వెళ్లే ఎం.జె. రోడ్డుకి పోదాం. అక్కడ మూడు సర్కారీ బిల్డింగులు ఉన్నాయి: గగన్ విహార్, చంద్ర విహార్, గృహకల్ప. నుమాయిష్‌కి వెళ్లినవాళ్లంతా ఆ దారిలో నడిచినవాళ్లే. తల ఎత్తి చూసినవాళ్లు మాత్రం తక్కువ.

ముందు ఒక చిన్న కన్ఫ్యూజన్ తీర్చేద్దాం. ఎం.జె. మార్కెట్, ఎం.జె. రోడ్డు... రెండు ఎం.జె.లూ ఒకరి పేరు కాదు. మార్కెట్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కొడుకు మొజంజా పేరు మీద కట్టింది. రోడ్డు పేరు ముకర్రంజాహీ రోడ్డు. ముకర్రం జా నిజాం మనవడు, పెద్ద కొడుకు ఆజం జా కొడుకు. అంటే మార్కెట్ బాబాయిది, రోడ్డు అబ్బాయిది!

ఇప్పుడు అసలు కథ. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద నగరాన్ని ముంచేసింది. వేల మంది చనిపోయారు. ఆ దెబ్బ తర్వాత నగరాన్ని ప్లాన్ ప్రకారం మళ్లీ కట్టాలని 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడం, ఇళ్లు, బజార్లు కట్టడం దాని పని. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ ఆ బోర్డు హయాంలోదే. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ కూడా అంతే. మొజంజా ఆ బోర్డుకి అధ్యక్షుడిగా కూడా ఉన్నాడు.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, హైదరాబాద్ రాజధాని అయింది. 1960లో ఈ పాత బోర్డుని కలిపేసి ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు తెచ్చారు. కేపీహెచ్‌బీలో హాస్టల్‌లో ఉంటున్నారా? ఆ చివరి హెచ్‌బీ అంటే ఈ హౌసింగ్ బోర్డే. దాని హెడ్డాఫీసు ఇక్కడి గృహకల్పలోనే ఉండేది. గగన్ విహార్, చంద్ర విహార్ కూడా ఆ బోర్డు బిల్డింగులే. అంటే మార్కెట్ కట్టిన సంస్థ వారసులే, అదే రోడ్డు మీద, ఈ ఆఫీసులు లేపారు. ఈ సంగతి తెలిశాక ఆ రోడ్డు మీద నడిస్తే వేరేగా కనిపిస్తుంది.

మరి ఇంత తేడా ఎందుకు? మార్కెట్ ఏమో అందమైన గ్రానైట్, గుమ్మటాలు, గడియారం టవర్, మధ్యలో విసనకర్రలా తెరుచుకునే ఆవరణ. ఇవేమో సాదా కాంక్రీటు. కారణం బరువు. రాతి కట్టడంలో బరువంతా గోడలే మోయాలి. ఎత్తు పెరిగేకొద్దీ కింద గోడ లావు కావాలి. అమెరికాలోని చికాగోలో 1891 నాటి మొనాడ్‌నాక్ బిల్డింగ్ ఉంది. 16 అంతస్తులు, ఇటుక గోడలు. కింద గోడ మందం దాదాపు ఆరు అడుగులు! గోడకే అంత జాగా పోతే ఆఫీసు ఎక్కడ పెడతారు?

కాంక్రీటు ఫ్రేమ్ వచ్చాక ఈ లెక్క మారిపోయింది. స్లాబు బరువు దూలాలకి, దూలాల నుంచి పిల్లర్లకి, అక్కడి నుంచి పునాదికి దిగుతుంది. మధ్యలో గోడ ఉత్త తెర లాంటిది. కావాలంటే కొట్టేసి హాలు చేసుకోవచ్చు, లేదా అడ్డు పెట్టి నాలుగు గదులు చేసుకోవచ్చు. డిపార్ట్‌మెంట్లు పుడుతూ, విడిపోతూ, కలిసిపోతూ ఉండే ప్రభుత్వానికి ఇంతకంటే ఏం కావాలి? దానికి లిఫ్ట్ తోడైతే పై అంతస్తులో ఆఫీసు పెట్టినా ఇబ్బంది లేదు. మద్రాసులో 1959 నాటి ఎల్ఐసీ బిల్డింగ్ ఈ ఎత్తు మోజుకి మన దక్షిణాదిలో పెద్ద గుర్తు. పాత తెలుగు సినిమాల్లో మద్రాసు అంటే అదే చూపించేవాళ్లు.

సరే, నాంపల్లిలోనే ఎందుకు? మ్యాప్ ఓపెన్ చేయండి. నాంపల్లి రైల్వే స్టేషన్, అసెంబ్లీ, ఆబిడ్స్ జీపీవో, మొజంజాహీ మార్కెట్... అన్నీ దగ్గర దగ్గరే. జిల్లా నుంచి ఫైలు పట్టుకుని వచ్చిన మనిషి రైలు దిగి, నడిచి వెళ్లి ఆఫీసులో పని చూసుకుని, ఆబిడ్స్‌లో బట్టలు కొనుక్కుని, రాత్రి రైలెక్కొచ్చు. ఆ మనిషి నడకని బట్టి చూస్తే ఇక్కడ ఆఫీసు పెట్టడం సరైన లెక్కే.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. పది అంతస్తులే, కానీ నగరం మొహం అటు తిరిగింది. 2006లో జీవో 86 వచ్చింది. ప్లాటు సైజుకి ఇంత మాత్రమే కట్టాలనే ఎఫ్ఎస్ఐ లిమిట్ తీసేశారు. అప్పటి నుంచి ఎత్తుని ముఖ్యంగా రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ జాగా తేలుస్తాయి. ఇరుకు సందుల ఆబిడ్స్‌లో ఆ జాగా ఎక్కడిది? వెడల్పు రోడ్లున్న పడమర వైపే టవర్లు మొలిచాయి.

ఇక్కడే అసలు ప్రశ్న. మొజంజాహీ మార్కెట్ పాడైపోతుంటే 2018లో బాగుచేయడం మొదలుపెట్టి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. చాలా మంచి పని. ఇప్పుడు అక్కడ ఐస్‌క్రీమ్ తింటూ అందరం ఫొటోలు దిగుతున్నాం. కానీ కాంక్రీటు బిల్డింగ్‌ని ఎవరూ హెరిటేజ్ అనరు. గుమ్మటం లేదు, నిజాం పేరు లేదు. పాతబడితే కూల్చేద్దాం అనడమే సులువు.

అలాగని కళ్లు మూసుకుని కాపాడమనట్లేదు. 2023 నవంబర్‌లో ఇదే నాంపల్లిలో, బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో పెట్టిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. ఎత్తైన ఏ పాత బిల్డింగ్‌కైనా వైరింగ్ చెక్ చేయాలి, మెట్ల దారిలో ఫైళ్లు, బీరువాలు పెట్టకూడదు, పిల్లర్ల బలం ఇంజినీర్లతో చూపించాలి. పనికొస్తే రిపేరు, పనికిరాదంటే కూల్చడం. కానీ పరీక్ష జరిగాకే ఆ మాట అనాలి. కూల్చినా, ఆ ఆఫీసులు స్టేషన్‌కి నడిచే దూరంలోనే ఉండాలి. ఐడీ కార్డు గీకితే తప్ప తలుపు తెరుచుకోని టవర్లు మనకి చాలానే ఉన్నాయి. సామాన్యుడు పింఛను కోసమో, సర్టిఫికెట్ కోసమో నేరుగా లోపలికి వెళ్లే టవర్లు తక్కువ.

ఈసారి గాంధీ భవన్ మెట్రోలో దిగితే ఒక్క నిమిషం ఆగి గగన్ విహార్‌ని చూడండి. ఇంట్లో అమ్మానాన్నల్ని, తాతయ్యని అడగండి, నాంపల్లిలో ఏ ఆఫీసు చుట్టూ తిరిగారో. ఆ ముచ్చట్లు కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!