ఒక కనెక్షను, రెండు కంప్యూటర్లు, ఒక టెంపరరీ ఫిక్సు

"ఇప్పటికి ఇలా కానిద్దాం, తర్వాత సరిగ్గా చేద్దాం" అని పెట్టిన కోడు పదేళ్ళైనా ప్రొడక్షన్లో నడుస్తూ ఉండటం మన ఫీల్డులో అందరూ చూసిందే. ఇంట్లో ఒక్క బ్రాడ్‌బ్యాండు కనెక్షనుని రెండు కంప్యూటర్లకి పంచుకోవడం వెనక కూడా అచ్చంగా అలాంటి కథే ఉంది.

1981లో ఐపీ వెర్షన్ 4 ఖాయం చేసినప్పుడు అడ్రసుకి 32 బిట్లు ఇచ్చారు. అంటే సుమారు 430 కోట్ల అడ్రసులు. అప్పుడు నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్లు కొన్ని వందలే కాబట్టి అది ఎవరికీ తక్కువనిపించలేదు. పదేళ్ళు తిరక్కుండానే అడ్రసులు అయిపోతాయన్న భయం పట్టుకుంది. 1994 మేలో ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ కలిసి ఆర్‌ఎఫ్‌సీ 1631 రాశారు. అదే నాట్. ఇది తాత్కాలిక పరిష్కారమని వాళ్ళే అందులో చెప్పుకున్నారు. అసలు మందు పెద్ద అడ్రసులుండే కొత్త ప్రొటోకాల్. ఆ ఐపీవీ6 మొదటి స్పెసిఫికేషను 1995 డిసెంబర్లోనే వచ్చింది.

నాట్ ఎలా పనిచేస్తుందంటే, అపార్టుమెంటు వాచ్‌మన్‌ని ఊహించుకోండి. అందరి ఉత్తరాలూ ఒకే అడ్రసు మీద బయటికెళ్తాయి. ఏది ఏ ఫ్లాటుదో ఆయన పుస్తకంలో రాసుకుంటాడు, జవాబొస్తే చూసి అందిస్తాడు. ఆ పుస్తకమే పోర్టు నంబర్ల టేబులు. పుస్తకంలో లేనివాడు గేటు దగ్గరికొస్తే మాత్రం వెనక్కి పంపేస్తాడు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1996లో వచ్చిన లైనక్స్ 2.0 కెర్నెల్లో ఇది మాస్కరేడింగ్ పేరుతో ఉండేది. 1999లో విండోస్ 98 సెకండ్ ఎడిషను దీన్ని మామూలు జనం ఇళ్ళకి తెచ్చింది. ఒక చిక్కేంటంటే, మోడెం తగిలించిన కంప్యూటర్ని అన్నయ్య షట్‌డౌన్ చేస్తే తమ్ముడికి నెట్ పోయినట్టే! తర్వాత ఆ పని చిన్న డబ్బాల్లోకి మారింది. 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ రూటర్ డబ్ల్యూఆర్‌టీ54జీ లోపల నడిచింది కూడా లైనక్సే.

అన్నట్టు, అప్పట్లో ఇలా పంచుకోవడం దొంగతనంలా చూసిన రోజులున్నాయి. అమెరికాలో కొన్ని కేబుల్ కంపెనీలు రెండో కంప్యూటర్‌కి అదనంగా డబ్బులడిగేవి, కనెక్షనుని ఒకే నెట్‌వర్క్ కార్డుకి ముడిపెట్టేవి. రూటర్లలో కనిపించే 'మ్యాక్ క్లోన్' ఆప్షను ఆ తాళానికి మారుతాళమే. నాట్ వెనక ఎన్ని కంప్యూటర్లున్నాయో ప్యాకెట్ల ఐడీ నంబర్లు చూసి లెక్కపెట్టొచ్చని 2002లో స్టీవెన్ బెలోవిన్ చూపించాడు కూడా. చివరికి కంపెనీలే రూటర్లు ఇవ్వడం మొదలెట్టాయి.

మన దగ్గర 2004 బ్రాడ్‌బ్యాండు పాలసీ 256 కేబీపీఎస్‌ని కనీస వేగంగా పెట్టింది. 2005 మొదట్లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చింది. రూటింగ్ ఉన్న ఏడీఎస్ఎల్ మోడెం అయితే బ్రిడ్జి మోడు నుంచి పీపీపీఓఈకి మార్చి, ఒక స్విచ్ తగిలిస్తే చాలు, రూమ్మేట్లందరికీ నెట్టే.

ఇంతవరకూ మనమే గెలిచాం అనుకుంటాం. కానీ 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయి నిల్వలోంచి చివరి ఐపీవీ4 బ్లాకులు పంచేశారు. ఇక కంపెనీలు మన కిటుకునే మన మీద వాడటం పెంచాయి. బోలెడు ఇళ్ళకి కలిపి ఒక్క అడ్రసు. దీనికోసమే 2012లో 100.64.0.0తో మొదలయ్యే అడ్రసుల్ని కేటాయించారు. ఒకసారి మీ రూటర్లో వాన్ అడ్రసు చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీ వాచ్‌మన్ పైన ఇంకో వాచ్‌మన్ ఉన్నట్టే లెక్క.

అయితే ఏంటంట అంటారా? ఇంట్లో చిన్న సర్వర్ పెట్టి ఆఫీసు నుంచి చూద్దామంటే కుదరదు. మీ రూటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా, పై వాచ్‌మన్ పుస్తకంలో పేరుండదు. ముక్కూమొహం తెలియని పొరుగువాడు స్పాం పంపితే కాప్చాలు మీకొస్తాయి. అడగడం, ఇవ్వడం రెండూ ప్రతి కంప్యూటరూ చేయగలగాలన్నది ఇంటర్నెట్ పుట్టినప్పటి ఉద్దేశం. మనకి మిగిలింది అడగడం ఒక్కటే. ఇచ్చేవాళ్ళు కావాలంటే ఎవడిదో క్లౌడ్‌కి అద్దె కట్టాలి.

2016లో జియో వచ్చాక మొబైళ్ళ పుణ్యమా అని ఐపీవీ6 వాడకంలో మన దేశం ముందు వరుసలో ఉంది. అసలు మందు చేతిలోనే ఉందన్నమాట. మీ రూటర్లో ఐపీవీ6 ఆఫ్‌లో ఉంటే, ఫైర్‌వాల్ ఉందో లేదో చూసుకుని ఆన్ చెయ్యండి. టెంపరరీ ఫిక్సు పెట్టి ముప్ఫయ్యేళ్ళు దాటింది, ఆ టికెట్ క్లోజ్ చేసే పని మన ఇంటి నుంచే మొదలెడదాం.