చీటీ ఇచ్చినవాడిదే కావలి

పార్కింగ్ చీటీ మీద బండి నంబరు, రుసుము ఉంటాయి. వాటి అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంటుంది: బండికి ఏం జరిగినా పూచీ యజమానిదే. రాయ్‌పూర్‌లో ఆ మాట హిందీలో కనిపిస్తుంది, మన ఊళ్లలో తెలుగులోనో ఇంగ్లీషులోనో. భాష మారినా మాట మారదు. డబ్బు తీసుకుని, అదే కాగితం మీద బాధ్యత లేదని చెప్పడం ఎంతగా అలవాటైపోయిందంటే, దాన్ని చదివేవారే లేరు. కానీ ఆ వాక్యానికి మన న్యాయ సంప్రదాయంలో అండ లేదు, చట్టంలో బలమూ తక్కువే. రుసుము తీసుకుని బండి నిలబెట్టించుకున్నవాడు కాసేపు నేల అద్దెకిచ్చినవాడు కాదు, కావలివాడు. వెలిగే దీపం, నీళ్లు నిలవని నేల, అడ్డులేని దారి ఆ కావలిలో భాగాలే.

ఒకరి సొత్తు ఇంకొకరి దగ్గర ఉంటే పూచీ ఎవరిదన్నది కార్లతో పుట్టిన ప్రశ్న కాదు. ధర్మశాస్త్రాలు వ్యవహారాలను పద్దెనిమిదిగా విభజించినప్పుడు నిక్షేపానికి విడిగా ఒక చోటిచ్చాయి. దాచమని ఇచ్చిన సొత్తు రాజు వల్లనో, దైవం వల్లనో, దొంగల వల్లనో పోతే దాచినవాడు తిరిగి ఇవ్వనక్కరలేదని యాజ్ఞవల్క్య స్మృతి అంటుంది. అడిగినా ఇవ్వకుండా ఉంచుకున్నాక పోతే మాత్రం కట్టి తీరాలంటుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడో శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు. అంటే ఈ ఆలోచన తెలుగువారికి ఏడు వందల ఏళ్లకు పైబడిన పరిచయం.  1872లో భారత కాంట్రాక్టు చట్టం వచ్చింది. దాని 148వ సెక్షన్ నుంచి ఉన్న బెయిల్‌మెంట్ అధ్యాయం పాత నిక్షేపానికి కొత్త రూపమే. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో, తనకు అప్పగించిన వస్తువునూ అలాగే చూసుకోవాలని 151వ సెక్షన్ చెబుతుంది. అలా చూసుకున్నాక కూడా పోతే, వేరే ఒప్పందం లేనంతవరకు పూచీ లేదని 152వ సెక్షన్ ఊరటనిస్తుంది. పార్కింగ్ గుత్తేదారు భయపడాల్సినంత కఠినమైన న్యాయం కాదిది.

సంతలో ఆశీలు వసూలు చేసే పద్ధతి వేరు. అక్కడ బండి ఎద్దులతో సహా యజమాని కళ్ల ముందే ఉండేది, రుసుము చోటుకే. సైకిల్ స్టాండుతో కథ మారింది. సినిమా హాలు పక్కనో, రైల్వే స్టేషను ముందో సైకిలు వదిలి మనిషి వెళ్లిపోతాడు. ఒక బిళ్ల బండికి తగిలిస్తారు, దాని జత అతని చేతికిస్తారు. ఆ జత బిళ్ల చూపనిదే సైకిలు బయటికి రాదు. ఇది ఆశీలు కాదు, నిక్షేపం. అయినా చాలా పురపాలక సంఘాలు స్టాండును సంత ఆశీలులాగే వేలం వేశాయి. ఎక్కువ పాడినవాడికి వసూలు హక్కు దక్కింది, కావలి బాధ్యత కాగితంలోకి ఎక్కలేదు. నేటి గందరగోళానికి మూలం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1998లో ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌కు వచ్చిన ఒక అతిథి తన మారుతీ జెన్ తాళాలు కార్లు నిలిపే వాలే సిబ్బందికి ఇచ్చి లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి కారును ఎవరో తోలుకుపోయారు. చీటీ మీద బాధ్యత మాది కాదని రాసి ఉందని హోటల్ వాదించింది. 21 ఏళ్ల తరువాత, 2019 నవంబరులో, సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. తన నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం నుంచి చీటీ మీది వాక్యంతో తప్పించుకోవడం కుదరదంది. ప్రత్యేకంగా డబ్బు తీసుకోలేదన్న మాట కూడా చెల్లలేదు, ఆ సేవ ఖర్చు గది అద్దెలోనూ భోజనం బిల్లులోనూ కలిసే ఉంటుంది కనుక.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. ఆ తీర్పు తాళాలు అప్పగించిన సందర్భానిది. మనమే బండి పెట్టి తాళం జేబులో వేసుకుంటే, అది చోటు వాడుకోవడానికి అనుమతి మాత్రమే తప్ప అప్పగింత కాదని వాదించవచ్చు. కారు విషయంలో ఒప్పుకుంటాను. కానీ హ్యాండిల్ లాక్ వేయవద్దని చెప్పి, స్కూటర్లను తమ ఇష్టం వచ్చినట్టు జరిపి, చీటీ లేనిదే బయటికి వదలని స్టాండులో బండి ఎవరి అధీనంలో ఉన్నట్టు? పైగా బండి అప్పగించినా అప్పగించకపోయినా, పార్కింగ్ మెట్ల మీద నడిచేది మనిషి. ఆ మనిషి క్షేమం తాళం ఎవరి జేబులో ఉందన్న దాన్ని బట్టి మారదు.

దీనికి అత్యంత దారుణమైన సాక్ష్యం ఉపహార్. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఆ సినిమా హాలులో 59 మంది చనిపోయారు. మంట పుట్టింది తెర దగ్గరో ప్రొజెక్టరు గదిలోనో కాదు, కింద పార్కింగ్‌లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. 15 కార్లకే అనుమతి ఉన్న చోట అంతకు మించి పెట్టారు, ట్రాన్స్‌ఫార్మర్ గదికి దగ్గరగా నిలిపారు. కారిన నూనె మంట ఆ కార్లకు అంటుకుంది, పొగ మెట్లదారి గుండా బాల్కనీకి ఎక్కింది. పైన ఉన్నవాళ్లలో చాలామంది కాలి కాదు, ఊపిరాడక పోయారు. ఆ అదనపు కార్ల మీద వచ్చే రాబడి ఎంతుంటుంది?

హైదరాబాద్ వైపు చూసినా ఇదే కథ. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద సెల్లార్‌లోనూ నేల అంతస్తులోనూ విద్యుత్ స్కూటర్ల షోరూం నడిచింది. అక్కడ మంటలు లేచి పైన 8 మంది పోయారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద రసాయన డ్రమ్ములు నిల్వ ఉంచిన చోట నిప్పు పుట్టి 9 మంది పోయారు. మళ్లీ ఢిల్లీలోనే, 2024 జూలైలో రాజేంద్రనగర్‌లో, పార్కింగుకు, సామాన్ల నిల్వకు అనుమతి పొందిన సెల్లార్‌ను గ్రంథాలయం చేసిన చోట వాననీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు మునిగిపోయారు. బండ్లకని చెప్పి కట్టిన చోటును ఇంకో రాబడికి మళ్లించినప్పుడు పోయేది పార్కింగ్ ఒక్కటే కాదు.

ఇక రాయ్‌పూర్. 1931లో విజయనగరం నుంచి రైలు మార్గం పూర్తయిన నాటి నుంచీ తెలుగువారు రాకపోకలు సాగిస్తున్న ఊరు. 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌కు రాజధాని అయింది. 2001లో 6 లక్షలకు కాస్త పైన ఉన్న జనాభా 2011 నాటికి 10 లక్షలు దాటింది. స్వాతంత్ర్య యోధుడు వీర నారాయణ్ సింగ్‌ను 1857లో ఉరితీసిన చోటుగా నగరం తలచుకునే జైస్తంభ్ చౌక్, దాని పక్కన మాలవీయ రోడ్డు, గోల్ బజార్ మాత్రం పాత కొలతల్లోనే ఉండిపోయాయి. జైస్తంభ్ దగ్గర, కలెక్టరేట్ ఆవరణలో బహుళ అంతస్తుల పార్కింగ్‌లు కట్టారు. మంచి పనే. కానీ ఇదే రాష్ట్రం 2002 నాటి అనధికార నిర్మాణాల క్రమబద్ధీకరణ చట్టాన్ని 2022లో సవరించి, తగిన పార్కింగ్ చూపని కట్టడాలను కూడా రుసుము కట్టించుకుని ఒప్పుకునే దారి తెరిచింది. కట్టేసిన భవనాన్ని పడగొట్టలేం కదా అన్నది దాని వెనుక తర్కం. ఆ ఇబ్బంది నిజమే. అయితే ఒక కారుకు ఖాళీ నేలలో 23, సెల్లార్‌లో 32 చదరపు మీటర్లు కావాలని మన నగర ప్రణాళికల లెక్క. డబ్బు ఖజానాకు చేరినంత మాత్రాన ఆ చోటు పుట్టుకురాదు. ఆ బండి రోడ్డు మీదికే వస్తుంది, ఫైరింజను దారికి అడ్డంగా.

కట్టిన పార్కింగును కాపాడుకోవడం మరో సంగతి. రాయ్‌పూర్ ఎండ, జూన్ నడుమ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వాన, ఉర్ల, సిల్తరా ఉక్కు కర్మాగారాల దుమ్ము, ఈ మూడూ కాంక్రీటుకూ కాలువలకూ పరీక్షే. దుమ్ముతో పూడిన జాలీలో నీరు దిగదు. పగుళ్లలో ఇంకిన నీరు లోపలి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. న్యూయార్క్ ఆన్ స్ట్రీట్‌లో 1925 నాటి పార్కింగ్ భవనం 2023 ఏప్రిల్‌లో కూలి ఒకరు చనిపోయారు. అక్కడి కాంక్రీటు పగుళ్ల మీద 2003లోనే నోటీసు ఇచ్చారు. పగులు కనిపించడం, దాన్ని కాగితం మీద రాయడం, బాగుచేయడం మూడు వేర్వేరు పనులు. మొదటి రెండూ జరిగాయి.

వ్యాపారులు అడిగేది ఒకటే: ఇదంతా ఎవరి డబ్బుతో? తెలంగాణలో 2018 నుంచి మాల్స్‌లో మొదటి 30 నిమిషాలు ఉచితం చేశారు, ఇక నిర్వహణ ఖర్చు ఎక్కడిదని కూడా అంటారు. పెద్ద మాల్ విషయంలో జవాబు తేలిక. పార్కింగ్ చూపినందుకే ఆ భవనానికి అనుమతి వచ్చింది, కనుక దాని ఖర్చు దుకాణాల అద్దెలోనే ఉంది. గోల్ బజార్ చిన్న దుకాణదారు ప్రశ్న మాత్రం న్యాయమైనది, అతని మీద ఈ భారం వేయకూడదు. అక్కడ నగరపాలక సంస్థే కావలివాడు. అది మార్చాల్సింది వేలం కాగితాన్ని: ఎవరు ఎక్కువ పాడారన్నది ఒక్కటే కాకుండా, రాత్రి మెట్ల మీద ఎన్ని దీపాలు వెలగాలి, వానకు ముందు కాలువ ఎప్పుడు తీయాలి, స్ప్రింక్లర్లను ఎప్పుడు పరీక్షించాలి, ఎన్ని బండ్లు దాటితే గేటు మూయాలి అన్నవి అందులో రాయాలి. చేయకపోతే ధరావత్తులోంచి ఎంత కోస్తారో కూడా రాయాలి. వాటి నకలు గేటు దగ్గర హిందీలో, ఛత్తీస్‌గఢీలో పెద్ద అక్షరాల్లో అంటించాలి, చీటీ అడుగున ఆ చిన్న వాక్యం ఉన్న చోటికి ఎదురుగా.