పోడూ, రిజర్వు గీతా

గిరిజనులు ప్రకృతి రక్షకులనే మాట యిప్పుడు సభల్లోనూ ప్రభుత్వ ప్రకటనల్లోనూ తరచు వినిపిస్తున్నది. నూరేళ్లకు పైగా యే మనుషుల్ని అడవికి శత్రువులని చట్టాలు చేసి మరీ నమ్మించారో, వాళ్లకే యీ బిరుదు. మారింది ఆ మనిషా, అడవితో పాలకులకున్న అవసరమా? గోదావరి, విశాఖ మన్యాల చరిత్రలో దీనికి సమాధానం వెతకవచ్చు.

అడవి మీద పాలకుల కన్ను కొత్తది కాదు. ఆముక్తమాల్యద రాజనీతి ఘట్టంలో కృష్ణదేవరాయలు సరిహద్దు అడవుల్ని పెంచమనీ, రాజ్యం నడుమ వున్నవాటిని కొట్టించమనీ చెబుతాడు. రాజుకు అడవి ఒక కోటగోడ. తెల్లదొరకు అది కలప. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు చెట్లు కావలసివచ్చాయి. 1864లో అటవీశాఖ యేర్పడింది, 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చింది. అడవిలో గీత గీసి లోపలిది రిజర్వు అన్నారు. కొండరెడ్డికీ కోయకీ మాత్రం అది అన్నం.

పోడు అంటే అడవి తగలబెట్టడమే కదా అని మా తరగతిలో ప్రతి యేడూ యెవరో ఒకరు అడుగుతారు. పొదలూ చిన్న చెట్లూ నరికి, యెండనిచ్చి, వానలకు ముందు కాలుస్తారు. ఆ బూడిదే యెరువు. నాగలి లేదు; కర్రతో నేల గుచ్చి జొన్న, సామ, కంది కలిపి విత్తుతారు. కాని యిప్ప, చింత, మామిడి, జీలుగు చెట్ల మీద గొడ్డలి పడదు. పువ్వూ పండూ కల్లూ యిచ్చే చెట్టు పంటతో సమానం. రెండు మూడేళ్లకు సారం తగ్గగానే ఆ చెక్క వదిలి మరో చోటికి పోతారు. వదిలినచోట మొదళ్లనుంచి చిగుర్లు లేచి మళ్లీ అడవి అవుతుంది. మామిడి కొత్త జరగనిదే కొండరెడ్లు ఆ యేటి మామిడికాయ ముట్టరు. దీన్ని మూఢాచారమని కొట్టివేసే హేతువాద మిత్రులకు నాదొక మనవి: కాయ ముదిరి టెంక గట్టిపడే దాకా దాన్ని చెట్టున వుంచే కట్టుబాటు అది. మన కవుల్లో కొందరిలాగా గిరిజనుణ్ణి పూలతోనూ పిట్టలతోనూ జమకట్టడం నా వుద్దేశం కాదు. తన ఉత్పత్తి సాధనాన్ని కాపాడుకునే శ్రామికుడి లెక్క అందులో వున్నదంటున్నాను.

నేల విస్తారంగా వున్నప్పుడే యీ లెక్క సాగుతుంది. రిజర్వు గీత బిగిసేకొద్దీ పాత చెక్కకు తిరిగివచ్చే గడువు తగ్గింది. అడవి లేవకముందే మళ్లీ కొట్టవలసివచ్చింది. వాలు మీది మట్టి వానకు కొట్టుకుపోయింది. అప్పుడు అధికారి ఆ బోడికొండను చూపించి, పోడు చేసిన నాశనం చూడండి అన్నాడు!

1879లో రంప తిరగబడింది. కరం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్యల పేర్లు మన విద్యార్థుల్లో యెందరికి తెలుసు? ఆ పితూరీకి దగ్గరి కారణం కల్లు మీద పన్ను. కల్లు కోసం తిరుగుబాటా అని నవ్వేవాళ్లున్నారు. గింజలు అయిపోయిన వేసవిలో కొండమనిషి కడుపు నింపేది ఆ జీలుగు చెట్టే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణా మీద పడ్డప్పుడు వెంట నడిచినవాళ్లు పోడు మీద ఆంక్షలతోనూ, రోడ్డు పనుల వెట్టితోనూ విసిగినవాళ్లు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పులకు కొమరం భీం నేలకొరిగాడు; ఏలుబడి వేరైనా అక్కడా తగాదా రిజర్వు గీతదే.

స్వాతంత్య్రం గీతను చెరపలేదు. అయితే 1997లో సమత కేసులో, షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వ భూముల్ని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం కౌలుకివ్వరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2006 అటవీహక్కుల చట్టం చారిత్రక అన్యాయం జరిగిందని పీఠికలోనే ఒప్పుకున్నది. హక్కుదారులకూ గ్రామసభకూ అడవిని కాపాడే అధికారం యిచ్చింది. రక్షకుడన్న మాటకు నా దృష్టిలో విలువ వచ్చింది అక్కడే. హక్కు లేని రక్షకుడు జీతం లేని కావలివాడు కదా!

కాని హక్కుకు రుజువు కావాలి. 2005 డిసెంబరు 13 నాటికి నేల తమ అధీనంలో వున్నట్టు చూపాలి. వూరి పెద్దల వాఙ్మూలం, సమాధులు, దేవతల చోట్లు కూడా సాక్ష్యాలేనని నిబంధనల్లో వుంది. అయినా పెద్దల మాటకు కాగితానికున్న బరువు దొరకడం కష్టం. కాగితాలున్నదేమో గీత గీసిన శాఖ బీరువాలో. 2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తులు తిరస్కరింపబడ్డవారిని అడవినుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. దేశమంతటా ఆందోళన లేచింది. అదే నెల 28న ఆ కోర్టే తన ఉత్తర్వును నిలిపివేసి, తిరస్కరించేటప్పుడు యే పద్ధతి పాటించారో చెప్పమని రాష్ట్రాలనే అడిగింది.