రైలు ఊరిలో బంతిపూవు

కొన్ని ఊళ్ళు నదిని ఆశ్రయించి పుడతాయి. కొన్ని కోటగోడల నీడలో పెరుగుతాయి. కొన్నింటికి దేవాలయమే పుట్టినిల్లు. బిలాస్‌పూర్‌కు అర్పా నది ఉన్నది. బిలాసా అనే కేవట వనిత పేరు మీద ఆ పల్లె వెలసినదన్న జనశ్రుతి ఉన్నది. కొంత దూరాన, కలచురి ప్రభువుల రాజధానిగా విలసిల్లిన రతన్‌పూర్‌లో మహామాయాదేవి ఆలయం ఉన్నది. అయినప్పటికీ నేడు లోకానికి తెలిసిన బిలాస్‌పూర్‌ను నిర్మించినది నదీ కాదు, రాజూ కాదు, రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ వరకు వేసిన మార్గం 1891 నాటికి పూర్తి అయినది. కట్నీ వైపు పోయే దారి కూడా ఇక్కడనే చీలినది. రెండు దారులు కలిసిన చోట ఇంజనుకు నీళ్ళూ బొగ్గూ కావలెను, దానిని నడిపేవానికి నిద్ర కావలెను. ఆ అవసరాల చుట్టూ, పొలాల మధ్య, ఒక కొత్త ఊరు లేచినది.

ఆ ఊరి స్వభావాన్ని రవీంద్రనాథ ఠాకూరు ఒక కథాకవితలో పట్టుకొన్నాడు. 1918లో వెలువడిన ‘పలాతకా’ సంపుటిలోని ‘ఫాఁకి’లో, జబ్బుపడిన భార్యతో ప్రయాణం చేస్తున్న ఒక భర్త బిలాస్‌పూర్‌లో బండి మారవలసి వచ్చి ఆరు గంటలు వేచి ఉంటాడు. అక్కడ ఒక కూలివాని ఇల్లాలు తన కష్టం చెప్పుకొంటుంది. ఆమెకు ఇరవై అయిదు రూపాయలు ఇమ్మని భార్య కోరితే, భర్త రెండే ఇచ్చి ఆ మాట దాచిపెడతాడు. భార్య పోయిన తరువాత పశ్చాత్తాపంతో అతడు మళ్ళీ ఆ స్టేషనుకు వస్తాడు. ఆ కూలి కుటుంబం వెళ్ళిపోయినది. ఎక్కడికో ఎవరికీ సరిగా తెలియదు. ఋణం తీర్చుకొనడానికైనా మనిషి దొరకని ఊరది. రైలు ఊళ్ళలో మనుషులు ఉంటారు గాని వారి చిరునామాలు నిలవవు.

అట్టి ఊళ్ళో తోట ఎవరు వేస్తారు? మామిడి మొక్క నాటినవాడు అయిదారేళ్ళయినా ఎదురు చూడవలెను. కొబ్బరి నాటినవాడు ఇంకా ఓర్పు పట్టవలెను. రైల్వే క్వార్టరులో కాపురం ఉండే గుమాస్తాకు గాని, ఫిట్టరుకు గాని అంత భరోసా లేదు. బదిలీ కాగితం ఏ నెలలోనైనా రావచ్చును. నేల కంపెనీది, గోడలు కంపెనీవి, ఇంటి సున్నం రంగు కూడా కంపెనీ నిర్ణయమే. ఇట్టి వానికి తగిన మొక్క ఒకటే: ఒక్క ఋతువులో పుట్టి, పూచి, విత్తనమిచ్చి తప్పుకొనేది. ఎండిన పూవును కాగితంలో మడిచి పెట్టెలో వేసుకొంటే, తరువాతి ఊరి పెరటికి అది ఇంటివారితో పాటు చేరుతుంది. బంతి అట్టి మొక్క. సొంత నేల లేనివారి పూవు అది.

బదిలీ అయి వచ్చిన వారిలో తెలుగువారూ ఉన్నారు. 1902లో వాల్తేరు-కటకం మార్గం బెంగాల్-నాగపూర్ రైల్వే అధీనమైనది. 1931లో పార్వతీపురం-రాయపూర్ మార్గం పూర్తయి విజయనగరానికీ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ నేరుగా దారి ఏర్పడినది. ఆ దారుల వెంట ఉత్తరాంధ్ర కుటుంబాలు ఖరగ్‌పూర్ వరకు, బిలాస్‌పూర్ వరకు పోయి స్థిరపడ్డాయి. వారి పక్క వాకిట బెంగాలీలు, ఎదుటి వాకిట ఒడియా వారు, వెనుక వీధిలో ఛత్తీస్‌గఢీలు. భాషలు వేరు, వంటలు వేరు, పండుగల తేదీలు వేరు. కాని ఆ పెరళ్ళన్నింటిలోనూ ఒకే పూవు ఉండేది.

విశేషమేమనగా, ఆ పూవు కూడా బదిలీ మీద వచ్చినదే. బంతి జన్మభూమి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. అక్కడి నాహువా ప్రజలు దానిని ‘సెంపోవల్షోచిత్’ అన్నారు. ఇరవై పూవు అని అర్థం, అనగా లెక్కకు మించిన రేకులు గలదని భావం. మృతులను స్మరించే దినాన నేటికీ మెక్సికోలో సమాధుల మీద, ఇంటి వాకిళ్ళలో పరచేది ఈ పూవునే. స్పెయినువారు దానిని సముద్రం దాటించారు. 1542లో జర్మన్ వైద్యుడు లేయోన్‌హార్ట్ ఫుక్స్ తన ఓషధిగ్రంథంలో దీని చిత్రాన్ని ప్రచురించాడు. 1753లో లిన్నేయస్ పెద్ద బంతికి ‘టాగెటెస్ ఎరెక్టా’ అనీ, చిన్న బంతికి ‘టాగెటెస్ పాటులా’ అనీ శాస్త్రనామాలు స్థిరపరచాడు. ఇంగ్లీషువారు మొదటి దానిని ఆఫ్రికా బంతి అనీ, రెండవ దానిని ఫ్రెంచి బంతి అనీ పిలిచారు. నిజానికి రెండూ అమెరికావే. మన దేశానికి ఇది పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల వెంట వచ్చినదని పండితుల సాధారణాభిప్రాయం. మిరప వచ్చిన దారి కూడా అదే.

కాబట్టి వేదకాలపు ఋషి గాని, కాళిదాసు గాని బంతిపూవును ఎరుగరు. అయినా నేడు బంతిమాల లేని పెళ్ళిపందిరి లేదు, బంతి తోరణం లేని గృహప్రవేశం లేదు. శాస్త్రం చెప్పనిదాన్ని ఆచారం ఎట్లా స్వీకరించినది? పూవులోని గుణమే ఇందుకు కారణం. మల్లె సాయంత్రం వికసించి తెల్లవారేసరికి వాడిపోతుంది. తామరకు చెరువు కావలెను. బంతి కోసిన తరువాత కూడా నాలుగు నాళ్ళు నిలుస్తుంది. దారం గుచ్చితే చెదరదు, బుట్టలో ప్రయాణం చేయగలదు, పేదవాని చేతికి కూడా అందుతుంది. పవిత్రత అనేది గ్రంథం నుంచి మాత్రమే వచ్చేది కాదు. ఎన్నో చేతులు ఎన్నో ఏళ్ళు భక్తితో వాడగా వాడగా వచ్చేది కూడా. పేరు పెట్టడంలోనూ జనులు విదేశీ భాషను అరువు తెచ్చుకొనలేదు. హిందీలో గేందా, ఛత్తీస్‌గఢీలో గోందా, కన్నడంలో చెండు, తెలుగులో బంతి. దాని గుండ్రదనాన్ని చూచి ఎవరి మాటతో వారు పిలుచుకొన్నారు. తెలుగులో బంతి అనగా భోజనపు వరుస కూడాను. పదిమందితో కలిసి కూర్చొనే ఈ పూవుకు ఆ శ్లేష కూడా తగినదే.

రైల్వే కాలనీలలో ఆ వరుస సమంగా ఉండేది కాదు. కంపెనీ కాలంలో దొరల బంగళాలు ఒక వైపు, చిన్న ఉద్యోగుల గదులు మరొక వైపు. బంగళా తోటలో మాలి ఉండేవాడు. వర్షాలు వెళ్ళిన తరువాత చలికాలపు పూలమొక్కలను మడులు కట్టి వరుసలుగా పెంచడం దొరల అలవాటు. చిన్న క్వార్టరులో మాలి ఉండడు. నీళ్ళు పట్టి, పాత్రలు తోమిన తరువాత మిగిలిన దానిని ఇల్లాలు మొక్కల మొదట పోస్తుంది. బంగళా మడిలో బంతి అలంకారం. క్వార్టరు మూలలో అదే బంతి రేపటి పూజకు సామగ్రి. ఒకే పూవు రెండు ప్రపంచాలలో రెండు విధాలుగా బ్రతికినది. కంపెనీ పోయి, 1944లో రైలు ప్రభుత్వపరమైన తరువాత కూడా, నిలిచి వ్యాపించినది రెండవ పద్ధతే.

ఆ నేలలో బంతిని పెంచడం అనాయాసమైన పని కాదు. ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగు తెగలుగా చెప్పుకొంటాడు. మెట్టన ఉండే భాటా ఎర్రని గులకనేల, నీరు నిలువదు, సారం తక్కువ. పల్లాన ఉండే కన్హార్ నల్లని జిగురునేల, వానకాలంలో నీరు వదలదు. బంతికి సారమూ కావలెను, నీరు తీసే గుణమూ కావలెను. అందుకు పల్లెవారు చూపిన ఉపాయం ఘుర్‌వా, అనగా ఎరువుగుంట. ఇంటి వెనుక బాడీ అని పిలిచే పెరటిలో, ఆ గుంటలోని ఎరువు వేసి మట్టిని గుల్లపరచి మొక్క నాటుతారు. ఆరుద్ర కార్తెలో పోసిన నారు దసరాకు, ఉత్తర, హస్త కార్తెలలో పోసినది సంక్రాంతికి పూవునిస్తుంది. నారు నెలనాళ్ళది కాగానే జానెడున్నర ఎడంగా నాటి, మొక్క మోకాలెత్తు కాకముందే తల తుంచవలెను. తల తుంచితే కొమ్మలు పక్కలకు విరిసి పూలు పెరుగుతాయి. వాడిన పూలను ఎప్పటికప్పుడు కోయవలెను. విత్తనానికి మాత్రం అన్నింటికంటె మంచి పూవును చెట్టుననే ఎండనివ్వవలెను.

వంకాయ, టమాటా మడుల అంచున బంతి నాటడం పెరటి వ్యవసాయంలో ప్రసిద్ధమే. దాని వేళ్ళనుంచి వెలువడే ఒక పదార్థం మట్టిలోని నులిపురుగులను అణచుతుందని ఆధునిక శాస్త్రం నిరూపించినది. టమాటా కాయను తొలిచే పురుగు తల్లి బంతిమీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది గనుక, పంటకు కాపుగా బంతి వరుసలు వేయడాన్ని వ్యవసాయ పరిశోధకులు కూడా సిఫారసు చేశారు. రేకులను పటికతో కలిపి ఉడికిస్తే గుడ్డకు పసుపురంగు వస్తుంది. అనగా పూజకు పెంచిన మొక్క కూరగాయలకు కావలి కాస్తుంది.

ఆ ఊరి పంచాంగాన్ని బంతి లెక్కతో చెప్పవచ్చును. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ. షెడ్లలో యంత్రాలకు, పనిముట్లకు దండలు. తరువాత బెంగాలీల దుర్గాపూజ, తెలుగువారి ఆయుధపూజ. దీపావళి నాళ్ళలో ఛత్తీస్‌గఢీల గౌరా-గౌరీ ఉత్సవానికి గోందా పూలు. ధనుర్మాసంలో తెలుగు ముంగిట ముగ్గు నడుమ గొబ్బెమ్మ తలమీద బంతి. ఇవి గాక, ఏ పంచాంగంలోనూ లేని రైలు పండుగ మరొకటి: ఉద్యోగ విరమణ. ముప్పై ఏండ్లు బండి నడిపిన డ్రైవరు చివరిసారి ఇంజను దిగినప్పుడు మెడ నిండా పడేది బంతిమాలలే. ఆ దండలోని పూలు ఏ ఏ పెరళ్ళ నుంచి వచ్చినవో విడదీసి చెప్పడం అసాధ్యం. ఊరు ఊరైనది ఆ దండ వలెనే.

ఈ ఊరి సాహిత్య స్మృతిలో పూవుకు మరొక స్థానం కూడా ఉన్నది. సహాయ నిరాకరణోద్యమ కాలంలో, 1921-22లో, మాఖన్‌లాల్ చతుర్వేది బిలాస్‌పూర్ చెరసాలలో ఉన్నాడు. ‘పుష్ప్ కీ అభిలాషా’ అనే ఆయన ప్రసిద్ధ గీతం ఆ చెరసాలలోనే పుట్టినదంటారు. ఆభరణం కావడం, దేవుని తలకెక్కడం ఆ పూవుకు ఇష్టం లేదు. దేశం కోసం ప్రాణమిచ్చేవారు నడిచే దారిలో పడి ఉండడమే దానికి ఇష్టం. కవి ఆ పూవుకు పేరు పెట్టలేదు. పెట్టకపోవడమే మేలైనది, ఏ పెరటి పూవైనా తనదే ఆ కోరిక అని చెప్పుకొనవచ్చును. 1955లో హిందీకి తొలి సాహిత్య అకాడెమీ పురస్కారం పొందినవాడు ఆ కవియే. అర్ధశతాబ్దం తరువాత, 1971లో, దుర్గ్ సమీపంలోని బఘేరాలో దావూ రామచంద్ర దేశ్‌ముఖ్ రైతు జీవితాన్ని పాటలలో చూపే ఒక రంగప్రదర్శనకు ‘చందైనీ గోందా’ అని పేరు పెట్టాడు. అది ఒక చిన్న బంతి పేరు. దానికి పాటలు కట్టి పాడినవారిలో ముఖ్యుడైన లక్ష్మణ్ మస్తూరియా బిలాస్‌పూర్ చేరువలోని మస్తూరి వాడు. సముద్రాల అవతలినుంచి వచ్చిన పూవు ఒక ప్రాంతం తన ఆత్మగౌరవానికి ఎంచుకొన్న గుర్తు అయినది.

2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమైనది. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యస్థానమైనది. ఊరు పెరిగిన కొద్దీ పెరడు తరుగుతుంది; అంతస్తులమీద కాపురమున్నవారికి మిగిలేది కుండీయే. అంగడిలో దొరికే సంకర విత్తనాలు పెద్ద పూలు పూస్తాయి, ఒకే ఎత్తున పెరుగుతాయి. కాని వాటి గింజలు మరుసటి ఏట తల్లిని పోలిన పూవునివ్వవు. పూవు చిక్కుతుంది గాని పరంపర చిక్కదు. ఇది చిన్న నష్టంగా కనిపించవచ్చును. కాని సొంత నేల లేనివారు ఒక ఊరినుంచి మరొక ఊరికి తీసుకొనిపోగలిగిన ఆస్తి ఆ కాగితపు పొట్లంలోని గింజలే. వాటిని పొరుగింటికి ఇచ్చి పోవడం కూడా ఆనవాయితీయే. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవారి పేరు మరచిపోయిన తరువాత కూడా, ఆ పెరటిలో తొలకరికి మొలకెత్తేది వారి బంతియే.